రాజేంద్రప్రసాద్ వేసిన పునాదిరాయి: విశాఖ షిప్‌యార్డు నేపథ్యం

విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు నౌకాదళం కోసం ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పులు కట్టే పని చేపట్టింది, వాటిలో రెండింటి నిర్మాణాన్ని కట్టుపల్లిలోని ఎల్ అండ్ టీ యార్డుకు అప్పగించింది. నడిసముద్రంలో ఉన్న యుద్ధనౌకలకు ఇంధనం, నీళ్లు, ఆహారం, మందుగుండు అందించే ఓడలివి. ఒక్కొక్కటి 44,000 టన్నులు, పొడవు 230 మీటర్లు. 2023 ఆగస్టు 25న కుదిరిన ఒప్పందం విలువ దాదాపు 19,000 కోట్ల రూపాయలు. ఇంత పని చేతిలో ఉన్నా, ఈ ఐదూ అయ్యాక యార్డు పరిస్థితి ఏమిటన్న ప్రశ్న వెంటే ఉంది. ఈ ప్రశ్న యార్డుతో పాటే పుట్టింది. ఓడలు కట్టడం చేతకాక ఈ యార్డు ఏనాడూ ఆగలేదు. ఎప్పుడు ఆగినా ఆర్డర్లు లేకో, సరుకు సమయానికి రాకో, ధర కుదరకో ఆగింది.

1941 జూన్ 21న దీనికి శంకుస్థాపన చేసినవారు బాబూ రాజేంద్రప్రసాద్. రాష్ట్రపతి పదవికి ఇంకా ఎనిమిదిన్నరేళ్లు ఉంది. అప్పటికాయన చంపారన్ సత్యాగ్రహంలో గాంధీజీ వెంట నడిచిన వకీలు, బిహార్ భూకంప సహాయాన్ని నడిపించిన నాయకుడు, 1934లోనూ, మళ్లీ 1939లో సుభాష్ చంద్రబోస్ రాజీనామా తరువాతా కాంగ్రెస్ అధ్యక్షుడు. విశాఖ రేవును 1933 డిసెంబరు 19న లాంఛనంగా ప్రారంభించింది వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్. ఎనిమిదేళ్లు తిరగకుండా, యుద్ధం నడుస్తుండగా, అదే రేవు ఒడ్డున కాంగ్రెస్ నాయకుడి చేత పునాదిరాయి వేయించడం చిన్న విషయం కాదు. వేయించినవాడు వాల్‌చంద్ హీరాచంద్.

వాల్‌చంద్ షోలాపూర్ వాడు. రైల్వే కాంట్రాక్టులతో పైకొచ్చాడు. 1919లో నరోత్తమ్ మురార్జీ తదితరులతో కలిసి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టాడు. గ్వాలియర్ మహారాజా సింధియా దగ్గర కొన్న పాత ఓడ 'లాయల్టీ' 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఏటా ఏప్రిల్ 5న జాతీయ నౌకాయాన దినం జరపడం అందుకే.

ఆ తరువాత ఇరవయ్యేళ్లు ఈ కంపెనీకి బ్రిటిష్ ఓడల కంపెనీలతో పోరాటమే సరిపోయింది. మన కంపెనీ ఏ మార్గంలో దిగితే ఆ మార్గంలో బ్రిటిష్ కంపెనీలు రవాణా చార్జీలను ఖర్చుకన్నా దిగువకు తగ్గించేవి. తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై 1906లో పెట్టిన స్వదేశీ ఓడల కంపెనీ ఈ దెబ్బకే కుదేలైంది. సింధియా మాత్రం నష్టాలు భరించి నిలబడింది. అయినా 1923లో బ్రిటిష్ ఓడల కంపెనీల అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్ వర్గంతో రాజీకి ఒప్పుకోక తప్పలేదు. పదేళ్ల పాటు 75,000 టన్నులకు మించి ఓడలు నడపకూడదు, విదేశీ మార్గాల జోలికి పోకూడదు అన్నవి అందులోని షరతులు. ఓడలు నడపాలంటే ఓడలు కొనాలి, కొనాలంటే బ్రిటిష్ యార్డుల ముందే నిలబడాలి. సొంత యార్డు ఉండాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. బెంగళూరులో 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మొదలుపెట్టింది కూడా ఇదే వాల్‌చంద్ అన్నది గుర్తుంచుకుంటే మనిషి అంచనా తెలుస్తుంది.

మొదట చూసిన చోటు కలకత్తా. ఇనుముకు దగ్గర, పనివాళ్లకు కొదవ లేదు. కాని అక్కడి రేవు అధికారులతో స్థలం షరతులు కుదరలేదు. అప్పుడు విశాఖ వైపు తిరిగారు. నిజానికి యార్డుకు ఇదే మంచి చోటు. హుగ్లీ నదిలో ఇసుకమేటలు ఎప్పుడు ఎక్కడ వేస్తాయో తెలియదు. పోటుపాట్ల మధ్య తేడా చాలా ఎక్కువ. విశాఖలో ఆ తేడా పున్నమి, అమావాస్యలకు కూడా రెండు మీటర్ల లోపే. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న బురద నేలను తవ్వి చేసిన లోపలి రేవు ఇది. దక్షిణాన యారాడ కొండ గోడలా నిలబడి నైరుతి గాలిని, అలలను ఆపుతుంది. సగం కట్టిన ఓడను నీళ్లలోకి దించి నెలల తరబడి కట్టి ఉంచాలంటే ఇలాంటి కదలని నీళ్లే కావాలి. రైలు సౌకర్యం కూడా అప్పటికే ఏర్పడింది. మధ్య పరగణాల మాంగనీసును రేవుకు దించడానికి వేసిన రాయపూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది. జంషెడ్‌పూర్ ఉక్కు కూడా రైలు మీదనే రావచ్చు. పైగా సింధియాకు ఈ రేవు కొత్త కాదు. 1933 అక్టోబరు 7న ఈ రేవులోకి మొదట అడుగుపెట్టిన ఓడ 'జలదుర్గ' వారిదే.

ఇక్కడి రేవుకున్న ఒక్క చిక్కు ఇసుక. మన తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఆ నడక మరీ ఉద్ధృతం. రేవు ముఖద్వారం ఆ దారికి అడ్డం. అందుకని కట్టేటప్పుడే ముఖద్వారానికి దక్షిణాన 'జేనస్', 'వెలెడ్సన్' అనే రెండు పాత ఓడలను ముంచి, వాటినే ఆనకట్టగా చేసి, కొట్టుకొచ్చే ఇసుక వాటి వెనక గుంటలో పడేలా ఏర్పాటు చేశారు. ఆ గుంటను డ్రెడ్జరు ఎప్పటికప్పుడు తోడాలి. తోడిన ఇసుకను ఉత్తరపు ఒడ్డున పోయాలి. తోడకపోతే ముఖద్వారం పూడుతుంది, పోయకపోతే రామకృష్ణా బీచ్ కోసుకుపోతుంది. బీచ్ రోడ్డు కోత గురించి నేడు జరిగే చర్చకు మూలం కూడా ఈ ఏర్పాటులోనే ఉంది.

పునాది పడి ఏడాది తిరగకముందే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. ఊరు సగం ఖాళీ అయింది, యార్డు పని ఆగింది. నిజానికి బాంబులు పడకపోయినా పని చురుగ్గా సాగేది కాదు. యుద్ధకాలంలో ఇండియాలో ఓడలు బాగుచేస్తే చాలు, కొత్తవి కట్టనక్కర్లేదు అన్నది ప్రభుత్వ వైఖరి. యంత్రాల దిగుమతికి ప్రాధాన్యం దొరకలేదు. యుద్ధం ముగిశాకే మళ్లీ కదలిక వచ్చింది.

1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జలఉష' జలప్రవేశం చేసింది. 8,000 టన్నుల సరకు ఓడ. కోరంగి, నరసాపురం తీరంలో చెక్క ఓడలు కట్టిన తెలుగు పనితనానికి శతాబ్దాల చరిత్ర ఉంది. ఉక్కుతో ఇంత పెద్ద ఓడ స్వతంత్ర భారతంలో తయారవడం మాత్రం ఇదే మొదలు.

జలప్రవేశం చూడటానికి నిమిషం పని. దాని వెనక లెక్క మాత్రం చాలా ఉంటుంది. ఓడను ఏటవాలు స్లిప్‌వే మీద, దాదాపు ఇరవై అడుగులకు ఒక అడుగు వాలులో, చెక్క దిమ్మల మీద కడతారు. రోజు దగ్గరపడ్డాక దాని కింద రెండు వరసల జారుడు దుంగలు అమర్చి, మధ్యలో కొవ్వు, సబ్బు కలిసిన గ్రీజు దట్టంగా పూస్తారు. తరువాత దిమ్మలు ఒక్కొక్కటిగా తీస్తూ బరువంతా జారుడు దుంగల మీదికి మార్చాలి. ఈ మార్పిడి ఆలస్యమైతే గ్రీజు బరువుకు నలిగి బయటికి వచ్చేస్తుంది, ఓడ సగంలో ఆగుతుంది. విశాఖ ఎండలో గ్రీజు మరీ మెత్తబడకుండా పాళ్లు చూసుకోవాలి. వెనక భాగం ముందు నీళ్లలోకి వెళ్లి తేలడం మొదలుపెట్టగానే, ముందు భాగం మీద ఒక్కసారిగా బరువు పడుతుంది. ఆ చోట ఓడకు లోపల ఆసరాలు పెట్టకపోతే రేకు సొట్ట పడుతుంది. నీళ్ల లోతు చాలకపోతే వెనక భాగం తేలకముందే స్లిప్‌వే అంచు మీద ఓడ వెనక్కి వాలే ప్రమాదం ఉంది. అందుకే ముహూర్తం పంచాంగం కన్నా ముందు పోటు పట్టిక చూసి పెడతారు. దిగిన ఓడ ఎదుటి గట్టుకు కొట్టుకోకుండా బరువైన గొలుసుల కట్టలు లాక్కుంటూ వెళ్లి ఆగుతుంది. అప్పటికి ఓడ పూర్తయినట్టు కాదు. ఇంజను బిగింపు, పైపులు, వైర్లు, గదులు, అసలు శ్రమలో పెద్ద భాగం నీళ్ల మీదే జరుగుతుంది.

జలఉష దిగిన ఏడాదికే డబ్బు కటకట మొదలైంది. ఇంజన్లు, ప్రత్యేక ఉక్కు, అమరికలు బయటి నుంచి రావాలి. కొత్త పనివాళ్లు ఒక ఓడకు పట్టించే గంటలు బ్రిటిష్ యార్డు కన్నా చాలా ఎక్కువ. కొనే కంపెనీకి బ్రిటన్‌లో అదే ఓడ ఎంతకు దొరుకుతుందో అంతే ఇవ్వాలనిపించడం సహజం. ఆ తేడాను ప్రభుత్వం భరిస్తేనే యార్డు సాగుతుంది. మరో ఆర్డరు లేక యార్డు మూతపడే పరిస్థితి వచ్చినప్పుడు, 1949లో ప్రభుత్వమే కొత్త ఓడలకు ఆర్డరిచ్చి నిలబెట్టింది. అదే ఏడాది వాల్‌చంద్‌కు పక్షవాతం వచ్చింది. 1953 ఏప్రిల్ 8న ఆయన పోయేనాటికి యార్డు చేయి మారిపోయింది.

1952 జనవరి 21న హిందుస్థాన్ షిప్‌యార్డు లిమిటెడ్ ఏర్పడింది. మూడింట రెండు వంతుల వాటా ప్రభుత్వానిది, ఒక వంతు సింధియాది. ప్రభుత్వ కంపెనీల్లో సర్కారు వాటాలు 'భారత రాష్ట్రపతి' పేరున నమోదవుతాయి. ఆ పదవిలో అప్పుడున్నది రాజేంద్రప్రసాద్. పదకొండేళ్ల కిందట పరాయి పాలనలో ఒక ప్రైవేటు కంపెనీ కోసం తాను వేసిన పునాది మీద లేచిన యార్డుకు ఆయన పదవే యజమాని అయింది. 1961 జులైలో సింధియా మిగిలిన వాటా కూడా సర్కారుకు వచ్చింది. మరుసటి ఏడాది మే 13న రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌కూ విశాఖ పాత ఊరే. 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా ఉన్నారాయన. మన రాష్ట్రపతుల్లో మొదటి ఇద్దరికీ ఈ ఊరితో ఉన్న అనుబంధం విశాఖ వాళ్లలోనే చాలామందికి తెలియదు, తెలియాల్సిన విషయం.

చేయి మారినా కష్టాలు మారలేదు. ధర ఒప్పందం నాడే ఖాయమవుతుంది, ఇంజను డబ్బు రెండు మూడేళ్ల తరువాత డాలర్లలోనో పౌండ్లలోనో కట్టాలి. 1966 జూన్‌లో డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి పోయినప్పుడు ఇలాంటి ఒప్పందాల మీద పడే భారం ఊహించుకోవచ్చు. ఒక్క భాగం ఆలస్యమైతే ఓడ స్లిప్‌వే దిగదు. అది దిగితే గాని తరువాతి ఓడ కీల్ (ఓడకు వెన్నెముక లాంటి అడుగు భాగం) పడదు. జీతాలు, కరెంటు, వడ్డీ మాత్రం ఆగవు. ఒక ఓడ ఆలస్యం మరో రెండింటి ఖర్చులో కనిపిస్తుంది. దీనికి తోడు ప్రతి ఆర్డరూ ఒక కొత్త నమూనా. ఒకే నమూనాలో నాలుగైదు ఓడలు వరసగా కడితేనే పని గంటలు తగ్గుతాయి, ఆ అవకాశం ఇక్కడ అరుదుగా దొరికింది. ఈలోగా కొచ్చిన్ యార్డు ఎదిగి ముందుకు వెళ్లింది. మరమ్మతులకు 2006లో వచ్చిన జలాంతర్గామి సింధుకీర్తి తిరిగి చేరింది 2015లో.

2010 ఫిబ్రవరిలో యార్డు రక్షణ శాఖ కిందికి వచ్చింది. 2020 ఆగస్టు 1న పరీక్షలో ఉన్న భారీ క్రేను కూలి 11 మంది చనిపోయారు. అలాంటి దెబ్బ తరువాత కూడా 2021లో క్షిపణుల గమనాన్ని కనిపెట్టే ఐఎన్‌ఎస్ ధ్రువ్, 2025 జులైలో లోతు డైవింగ్‌కు సహాయపడే ఐఎన్‌ఎస్ నిస్తార్ ఇక్కడి నుంచే నౌకాదళంలో చేరాయి. రెండూ దేశంలో ముందెన్నడూ కట్టని రకాలు. పనితనం సంగతిలో అనుమానం అక్కర్లేదు.

ఇప్పటి ఓడల లెక్కలో ఒక జాగ్రత్త అవసరం. జలఉష 8,000 టన్నులు అన్నది మోసే బరువు. కొత్త ఓడల 44,000 టన్నులు మొత్తం ఓడ బరువు, నింపిన సరుకుతో సహా. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఐదున్నర రెట్లు అనడం తప్పు. పొడవు చూస్తే బిల్డింగ్ డాక్ (ఓడ కట్టే లోతైన గుంట) 240 మీటర్లు, ఓడ 230. అంటే ఒకసారికి ఒక్క పూర్తి ఓడే. డాకులో కట్టిన ఓడకు గ్రీజు, జారుడు దుంగల గొడవ లేదు, నీళ్లు వదిలితే తేలుతుంది. కాని డాకు ఖాళీ అయితే తప్ప తరువాతిది పైకి లేవదు.

మొదటి ఓడకు ఉక్కు కోత 2024 ఏప్రిల్ 10న, కీల్ 2024 నవంబరు 20న పడ్డాయి. మొత్తం పనికి ఎనిమిదేళ్ల అంచనా. ఒకే నమూనాలో ఐదు వరసగా రావడం ఈ యార్డు ఎప్పటి నుంచో అడుగుతున్న వరం. ఇక్కడే కట్టే రెండో ఓడకు పట్టే గంటలు మొదటిదాని కన్నా ఎంత తగ్గాయో చూడాలి. ఇక్కడ కట్టే చివరిది డాకులో ఉండగానే ఆ తరువాతి ఆర్డరుకు ఉక్కు కోయగలగాలి. నమూనా ఖాయం చేసి, ఇంజన్లు తెప్పించడానికే రెండు మూడేళ్లు పడుతుంది. కాబట్టి ఆ ఆర్డరు మీద ఢిల్లీలో సంతకం ఆ చివరి ఓడ కీల్ పడేనాటికే జరిగి ఉండాలి.