పెర్ఫార్మెన్స్ క్యామ్ వేయించే ముందు: అపోహలు - వాస్తవాలు

వారానికి ఒకళ్ళిద్దరైనా షెడ్డుకొచ్చి ఇదే అడుగుతారు, అన్నా ఆన్‌లైన్లో క్యామ్ (ఇంజన్ వాల్వులు తెరిచే షాఫ్ట్) తెప్పించా, బిగించివ్వు, ఎంత తీసుకుంటావు అని. చేతిలో డబ్బా ఉంటుంది, లోపల క్యామ్ తళతళలాడుతూ ఉంటుంది, కానీ దాంతో స్ప్రింగులు వచ్చాయా, వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో రాసి ఉండే టైమింగ్ కార్డు వచ్చిందా అంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. విజయవాడ ఆటోనగర్లో పద్నాలుగేళ్ళుగా ఇంజన్ పని చేస్తున్నా, విన్న మాటలే మళ్ళీ మళ్ళీ వింటున్నా, అందుకే ఒకసారి అన్నీ రాసి పెడదామని కూర్చున్నా.

అపోహ: క్యామ్ వేస్తే పవర్ పెరుగుద్ది, ఏ గేర్లో తిప్పినా పికప్పే

ఇక్కడే అందరూ పొరపాటు పడేది. క్యామ్ పవర్ పుట్టించే పార్టు కాదండీ, ఇంజన్ ఎప్పుడు ఊపిరి పీల్చాలి, ఎంతసేపు పీల్చాలి, ఎప్పుడు వదలాలి అని చెప్పే పార్టు. పిస్టన్ తిప్పే షాఫ్ట్, అంటే క్రాంక్, రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, ఆ ఒక్క చుట్టులోనే గాలి లోపలికి వదిలే వాల్వు (ఇన్‌టేక్), బయటికి వదిలే వాల్వు (ఎగ్జాస్ట్) రెండిటి లెక్కా అయిపోవాలి. పెర్ఫార్మెన్స్ క్యామ్‌లో ఇన్‌టేక్ వాల్వు ఇంకాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, పిస్టన్ కిందదాకా దిగి మళ్ళీ పైకి బయల్దేరినా వాల్వు ఇంకా మూసుకోదు. ఆర్‌పీఎమ్ బాగా ఉన్నప్పుడు వచ్చే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి పిస్టన్ పైకొస్తున్నా అది లోపలికి దూరుతూనే ఉంటుంది, అక్కడ లాభం. అదే 2,500 దగ్గర గాలికి ఆ ఊపు లేదు, పిస్టన్ దాన్ని వచ్చిన దారినే వెనక్కి తోసేస్తుంది, అక్కడ నష్టం. అంటే కింద నుంచి తీసి పైన పెడుతున్నాం, అంతే.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 తీసుకోండి. 2018లో బండి వచ్చినప్పుడు కంపెనీ చెప్పింది 7,250 ఆర్‌పీఎమ్ దగ్గర 47 హార్స్‌పవర్, 5,250 దగ్గర 52 ఎన్‌ఎం టార్క్. ఆ 47ని వెనక్కి లెక్కగడితే 7,250 దగ్గర ఉన్న టార్క్ 46 ఎన్‌ఎం చిల్లర మాత్రమే, అంటే పైకి వెళ్ళేకొద్దీ ఇంజన్‌కి గాలి చాలట్లేదు. ఆ 46ని 49 చేయగలిగితే అదే ఆర్‌పీఎమ్‌లో 50 హార్స్‌పవర్ వస్తుంది. క్యామ్‌తో వచ్చేది ఇలాంటి పెరుగుదలే, ఇది నిజమైన లాభమే, నేను కాదనను. కానీ మీరు రోజూ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మూడు వేల లోపు నడిపేవాళ్ళయితే ఆ 7,250 మీకు నెలకెన్నిసార్లు కనపడుతుంది? నేను ముందు అడిగే ప్రశ్న ఇదే, క్యామ్ ఏ కంపెనీది అన్నది తర్వాత.

అపోహ: 300 డిగ్రీల క్యామ్, 240 డిగ్రీల దానికన్నా హాట్

అక్కర్లేదు. డిగ్రీలంటే వాల్వు తెరిచి ఉన్నంతసేపు క్రాంక్ ఎంత తిరిగిందన్న లెక్క, అది ఎక్కడ నుంచి కొలిచారో చూడాలి. వాల్వు సీటు నుంచి కదలగానే కొలిస్తే ఒక నంబరు, 1 ఎంఎం లేచాక కొలిస్తే ఇంకో నంబరు, జపాన్ లెక్కల్లో ఎక్కువగా ఆ 1 ఎంఎం పద్ధతి కనిపిస్తుంది, అమెరికా వాళ్ళు 50 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 50) అంటారు అంటే 1.27 ఎంఎం. ఒకటే క్యామ్‌ని మూడు రకాలుగా కొలిస్తే మూడు డిగ్రీలు వస్తాయి. డబ్బా మీద పెద్ద నంబరు చూసి కొనేసినవాళ్ళని చూస్తే బాధేస్తుంది, అవి చిన్న డబ్బులు కాదు.

అపోహ: మార్కుకి మార్కు కలిపితే అయిపోయింది, చేత్తో తిప్పితే ఎక్కడా తగల్లేదు కదా

దీని మీద కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక నాలుగు వాల్వుల సింగిల్ సిలిండర్ బండికి క్యామ్ వేశా. స్ప్రాకెట్ మార్కులు కలిశాయి, మాగ్నెట్ చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది, స్టార్ట్ చేస్తే ఐడిలింగ్ కూడా బాగానే ఉంది. కుర్రాడు బైపాస్ ఎక్కి ఒక్కసారి మొత్తం తిప్పాడు, అంతే, కంప్రెషన్ పోయింది. హెడ్ విప్పితే ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ వంగిపోయి ఉన్నాయి, పిస్టన్ మీద రెండు చంద్రవంకల్లా గుర్తులు. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య సందు ఉండింది, కానీ అర ఎంఎం కూడా లేదు. చేత్తో తిప్పినప్పుడు చాలిన ఆ సందు, క్యామ్‌ని తిప్పే చెయిన్ సాగి వాల్వు మూసుకోవడం కాస్త ఆలస్యమయ్యేసరికి చాల్లేదు. వాల్వుల ఖర్చు నేనే పెట్టుకున్నా, కానీ ఆ అబ్బాయి నెలరోజులు బస్సులో కాలేజీకి వెళ్ళాడు, అది ఇప్పటికీ గుర్తే.

అప్పట్నుంచి కొలవకుండా ఏ క్యామూ బిగించలేదు. పద్ధతి ఇదీ. పిల్లలు ఆడుకునే క్లే తెచ్చి పిస్టన్ మీద వాల్వు గుంటల్లో ఐదారు ఎంఎం మందంగా అద్దుతా, వాల్వు ముఖానికి కాస్త ఆయిల్ రాస్తా, లేకపోతే క్లే దానికి అతుక్కుని ఊడొస్తుంది. పాత హెడ్ ప్యాకింగే పెట్టి హెడ్ టార్క్‌కి బిగించి, టాపెట్ సెట్ చేసి, క్రాంక్‌ని చేత్తో నిదానంగా రెండు చుట్లు తిప్పుతా, రెండు తిప్పితేనే క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టుంటే అక్కడే ఆపేయాలి, బలవంతం చేయకూడదు. తర్వాత హెడ్ తీసి, ఆ క్లేని బ్లేడుతో అడ్డంగా కోసి, అన్నిటికంటే పల్చగా ఉన్నచోట వెర్నియర్‌తో కొలుస్తా. ఇన్‌టేక్ దగ్గర 1.5 ఎంఎం, ఎగ్జాస్ట్ దగ్గర 2 ఎంఎం ఉంటేనే ముందుకెళ్తా. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వు వేడికి సాగుతుంది, పైగా మూసుకునేటప్పుడు పిస్టన్ దాన్ని వెనకాలే తరుముకుంటూ వస్తుంది.

ఇక మార్కుల సంగతి. స్ప్రాకెట్‌కి 34 పళ్ళున్నాయనుకోండి, ఒక్క పన్ను అటూఇటూ అయితే క్యామ్ దగ్గర పదిన్నర డిగ్రీలు, క్రాంక్ దగ్గర 21 డిగ్రీలు తేడా. అది పెద్ద తప్పు కాబట్టి స్టార్ట్ చేయగానే తెలుస్తుంది. తెలియనిది నాలుగైదు డిగ్రీల తేడా, హెడ్ ఫేస్ కొట్టించినా, చెయిన్ సాగినా, క్యామ్ కోసినవాడు కాస్త అటూఇటూ కోసినా వస్తుంది, బండి తిరుగుతుంది గానీ చెప్పిన పవర్ రాదు. అందుకే డిగ్రీ చక్రం, డయల్ గేజ్ ఉండాలి. టీడీసీని, అంటే పిస్టన్ పైకొచ్చే ఆఖరి చోటుని, స్పార్క్ ప్లగ్ బొక్కలో స్క్రూడ్రైవర్ పెట్టి చూడటం కాదు, పిస్టన్ స్టాపర్ పెట్టి ఇటు తిప్పి ఒక రీడింగ్, అటు తిప్పి ఒక రీడింగ్ తీసుకుని సరిగ్గా మధ్యది పట్టుకోవాలి. తర్వాత క్యామ్ కార్డులో ఉన్న నంబరుతో పోల్చి చూసుకోవాలి. కార్డు లేని క్యామ్‌ని దేనితో పోల్చేది? అందుకే కార్డు రాలేదంటే నేను పని ఒప్పుకోను.

ఇంకో చిన్న విషయం, స్ప్రాకెట్ బోల్టు విప్పే ముందు చెయిన్ సందులో శుభ్రమైన గుడ్డ కుక్కండి, చెయిన్‌ని తీగతో పైకి కట్టండి. బోల్టు లోపల పడిందంటే అరగంట పని కాస్తా రెండు రోజులవుతుంది.

అపోహ: స్ప్రింగులు స్టాక్‌వే చాలు

7,200 ఆర్‌పీఎమ్ దగ్గర వాల్వు సెకనుకి 60 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. దాన్ని క్యామ్ మీద నుంచి ఎగిరిపోకుండా పట్టి ఉంచేది స్ప్రింగు ఒక్కటే. ఆర్‌పీఎమ్ పది శాతం పెంచితే వాల్వు మీద పడే విసురు 21 శాతం పెరుగుతుంది, పైగా కొత్త క్యామ్‌లో లిఫ్ట్ (వాల్వు లేచే ఎత్తు) కూడా ఎక్కువ. స్టాక్ స్ప్రింగు పట్టలేకపోతే వాల్వు గాల్లో తేలుతుంది, అప్పుడు పైన చెప్పిన చంద్రవంకలే. రెండో ప్రమాదం కూడా ఉంది, లిఫ్ట్ పెరిగితే స్ప్రింగు చుట్టుకి చుట్టు ఆనుకుపోతుంది, ఫుల్ లిఫ్ట్‌లో ఇంకా ఒక ఎంఎం దాకా ఆడటానికి చోటుండాలి. అలాగని మరీ గట్టి స్ప్రింగులు వేయకండి, క్యామ్ లోబ్ (వాల్వుని తెరిచే బుడిపె), రాకర్ తొందరగా అరిగిపోతాయి. క్యామ్ వాడు చెప్పిన స్ప్రింగే వేయండి.

అపోహ: పెర్ఫార్మెన్స్ క్యామ్ వేస్తే బుల్లెట్‌కి పాత దుగ్‌దుగ్ వస్తుంది

రాదు. ఆ శబ్దం పొడవాటి స్ట్రోక్, బరువైన ఫ్లైవీల్, తక్కువ ఐడిలింగ్ కలిస్తే వచ్చేది. పాత 350లో బోరు 70 ఎంఎం, స్ట్రోక్ 90 ఎంఎం. పెద్ద క్యామ్ వేస్తే ఓవర్‌ల్యాప్ (రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) పెరిగి తక్కువ ఐడిలింగ్‌లో బండి నిలబడదు, ఐడిలింగ్ పెంచాల్సి వస్తుంది, అంటే మీరు కోరుకున్న దానికి సరిగ్గా ఎదురు.

అన్నట్టు ఆర్‌ఎక్స్ 100కి క్యామ్ వేయమని కూడా అడుగుతారు. అది టూ స్ట్రోక్ అండీ, అందులో క్యామే ఉండదు, వాల్వుల పని సిలిండర్‌లోని పోర్టులే చూసుకుంటాయి.

అపోహ: క్యామ్ వేశాక కంప్రెషన్ గేజ్ తక్కువ చూపిస్తోంది, మెకానిక్ బోరు పాడుచేశాడు

ఈ మాట మీద షెడ్డుల్లో గొడవలయ్యాయి, అందుకే చెప్తున్నా. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది అన్నాం కదా, స్టార్టర్ తిప్పే స్పీడులో కొంత గాలి వెనక్కి పోతుంది, గేజ్ తగ్గుతుంది, అది సహజం. అనుమానం ఉంటే లీక్ టెస్ట్ చేయించండి, రెండు వాల్వులూ మూసి గాలి ఎక్కించి చూస్తారు, దానికి క్యామ్‌తో సంబంధం లేదు. పని ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రీడింగ్ రాసి పెట్టుకుంటే ఎవరికీ ఎవరి మీదా అనుమానం ఉండదు.

అపోహ: ఎఫ్‌ఐ బండి కదా, ఈసీయూ అదే సర్దుకుంటుంది

కొంతవరకే. ఎఫ్‌ఐ అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్‌తో పెట్రోలు పోసే బండి, ఎంత పోయాలో చెప్పే కంప్యూటరే ఈసీయూ. ఆక్సిజన్ సెన్సార్ చూసి సర్దేది మెల్లగా ఒకే స్పీడులో వెళ్తున్నప్పుడు, ఎక్సలేటర్ మొత్తం తిప్పినప్పుడు ఈసీయూ తన మ్యాప్‌లో రాసి ఉన్న పెట్రోలే పోస్తుంది, ఆ మ్యాప్ స్టాక్ క్యామ్‌కి రాసింది. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే వేడి, వేడి పెరిగితే పిస్టన్. మ్యాప్ మార్పించే బడ్జెట్ లేకపోతే క్యామ్ కూడా వద్దు. కార్బ్ బండైతే జెట్లు మార్చి, ప్లగ్ రంగు చూసుకుంటూ సెట్ చేసుకోవచ్చు.

అపోహ: పాత క్యామ్‌కే వెల్డింగ్ పెట్టించి లేత్‌లో కోయిస్తే అదే పని, పదో వంతు ఖర్చు

లేత్ పనివాళ్ళ చేతిమీద నాకు గౌరవం ఉంది, కానీ క్యామ్ పైపొర గట్టిపరిచి ఉంటుంది, వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతుంది, మళ్ళీ హీట్ ట్రీట్‌మెంట్ చేయకపోతే కొన్ని వేల కిలోమీటర్లకే లోబ్ గుండ్రంగా అయిపోతుంది, ఆ రాలిన ఇనప పొడి ఆయిల్‌తో పాటు ఇంజనంతా తిరుగుతుంది.

అపోహ: ఇంజన్ లోపల ఉండేదాన్ని ఎవరు చూస్తారు

కంటికి కనపడదు నిజమే. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చినదానికి తేడాగా బండిని మార్చకూడదు, 2019 సవరణ తర్వాత మార్పు ఒక్కోదానికి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది రావచ్చు, వారంటీ ఉంటే అదీ పోవచ్చు. ట్రాక్ కోసం చేయించుకునేవాళ్ళు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తీసుకెళ్ళి నడుపుతారు, నా దగ్గర మనస్ఫూర్తిగా చేసే క్యామ్ పని వాళ్ళదే.

చివరిగా, విప్పిన స్టాక్ క్యామ్ పారేయకండి, అమ్మకండి. దాని రాకర్లు, స్ప్రింగులు ఏ సిలిండర్‌వి, ఏ వాల్వువి అని విడివిడిగా కవర్లలో వేసి పేరు రాసి, క్యామ్‌కి ఆయిల్ పూసి కాగితంలో చుట్టి కస్టమర్ చేతికే ఇస్తా. పోయిన సంక్రాంతికి ఒక 650 ఆయన ఆ పొట్లం పట్టుకొచ్చాడు, ఇప్పుడు వెనకాల పాప కూర్చుంటోంది, పాతదే వేసెయ్యి తమ్ముడూ అన్నాడు. విప్పి చూస్తే తుప్పు చుక్క లేదు.