ఒక పియానో, నాలుగు చేతులు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో నా గదిలో వీడియో చూస్తూ మీలో చిన్నది ఒక ప్రశ్న వేసింది, గుర్తుందా? "ఒకే పియానో ముందు ఇద్దరు ఇరుక్కుని కూర్చున్నారేమిటి తాతయ్యా, రెండోది కొనడానికి డబ్బులు లేవా?" అని. అందరం నవ్వాం. మీరు వెళ్ళిపోయాక ఆలోచిస్తే అందులో నవ్వడానికి ఏమీ లేదనిపించింది. అసలు సంగతి దాదాపు అదే!

పంతొమ్మిదో శతాబ్దపు వియన్నాలోనో, పారిస్‌లోనో కాస్త కలిగినవారి ఇంట్లో పియానో ఒకటి ఉండేది. రెండోదానికి చోటూ ఉండదు, డబ్బూ మిగలదు. శబ్దాన్ని పట్టి మళ్ళీ వినిపించే యంత్రం, ఎడిసన్ ఫోనోగ్రాఫు, వచ్చిందే 1877లో. మరి కచేరీలో విన్న బేతోవెన్ సింఫనీని, అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన సంగీతాన్ని, ఇంట్లో మళ్ళీ వినాలనిపిస్తే? వాద్యబృందాన్ని మొత్తం భోజనానికి పిలవలేరు కదా. అందుకని ఆ సింఫనీలను నాలుగు చేతులకు సరిపోయేలా కుదించి అచ్చువేసేవారు. అక్కాచెల్లెళ్ళో, గురువూ శిష్యురాలో పక్కపక్కన కూర్చుని వాయించుకునేవారు. ఇలా కుదించినవి కాక, మొదటినుంచీ నాలుగు చేతుల కోసమే రాసిన సంగీతం వేరే ఉంది. నాకు ప్రాణం అదే.

కుడివైపు కూర్చున్నవారివి పై స్వరాలు, వారిని ప్రీమో అంటారు. ఎడమవైపు వారిది మంద్రం, వారు సెకొండో. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ ఒకరిది, కుడి పేజీ ఒకరిది. పెడల్ మాత్రం సాధారణంగా సెకొండో కాలి కిందే ఉంటుంది. అంటే పక్కవారు వాయించిన స్వరం ఎంతసేపు మోగాలో ఈయన పాదం తేలుస్తుందన్నమాట. ఇక పియానో నడిమి మెట్ల (వేళ్ళతో నొక్కే మీటల) దగ్గర అసలు తమాషా. ఒకరు నొక్కిన మెట్టునే మరుక్షణం రెండోవారు నొక్కవలసి వస్తుంది. మొదటివారు వేలు తీయడం ఆలస్యమైతే అంతే సంగతులు. ఈసారి వీడియోలో ముఖాలు కాదు, మోచేతులు చూడండి.

ముందుగా ఫ్రెంచి స్వరకర్త బిజే 1871లో రాసిన "పిల్లల ఆటలు" వినండి. పన్నెండు చిన్న ముక్కలు. ఉయ్యాల, బొంగరం, సబ్బు బుడగలు, కళ్ళగంతలు... ఇంకొకటి చూసి నేనే ఆశ్చర్యపోయాను, అచ్చం మన నాలుగు స్తంభాలాట! బొంగరం గిర్రున తిరగడం వింటుంటే నాకైతే అరచేతిలో చక్కిలిగింత పుడుతుంది.

జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రాసిన హంగేరియన్ నృత్యాల గురించి ఎక్కువ చెప్పను, అయిదోది మీరు కార్టూన్లలో వినే ఉంటారు. అది జానపద బాణీ అనుకుని ఆయన తీసుకున్నాడు. తీరా చూస్తే బేలా కేలెర్ అనే ఆయన కట్టిన బాణీ. ఇప్పుడు వాద్యబృందాలు వాయిస్తున్నా, 1869లో అచ్చయినప్పుడు అది నాలుగు చేతులకే. నాకు అందులోనే ఎక్కువ కారం తగులుతుంది.

ఇక వియన్నా స్వరకర్త షూబర్ట్. 1818 వేసవిలో అప్పటి హంగరీలోని జెలీజ్ అనే ఊళ్ళో ఎస్తెర్హాజీ ప్రభువు కూతుళ్ళు ఇద్దరికి సంగీతం చెప్పడానికి వెళ్ళాడు. 1824లో మళ్ళీ వెళ్ళాడు. ఆ ఇద్దరిలో చిన్నమ్మాయి కరోలీన్. 1828లో రాసిన ఎఫ్ మైనర్ ఫాంటసీని (ఫాంటసీ అంటే కట్టుబాట్లు లేకుండా స్వేచ్ఛగా సాగే రచన) ఆమెకే అంకితమిచ్చాడు. అదే ఏడాది నవంబరులో పోయాడు. ముప్ఫై ఒక్కేళ్ళు. అచ్చులో ఆ ఫాంటసీని చూసుకోలేదు.

అది ఇరవై నిమిషాల దాకా సాగుతుంది, మధ్యలో ఆపరు. సెకొండో ముందు మొదలుపెడతాడు, పెద్దగా ఏమీ కాదు, సన్నగా గొణుగుతున్నట్టు. దాని మీద ప్రీమో పాట వస్తుంది. ఏదో అడగబోయి ఆగి, మళ్ళీ అదే అడిగినట్టుంటుంది. మొదటిసారి మీకు ఆ పాటే వినబడుతుంది, తప్పులేదు. రెండోసారి దాన్ని వదిలేసి కింది గొణుగుడునే పట్టుకోండి. కాసేపటికి పాట దిగులుగా వినబడే మైనరు స్వరవరస నుంచి వెలుగుగా వినబడే మేజరులోకి మారుతుంది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్లవాడి ముఖంలా తేటపడుతుంది. అక్కడ నేను ఎప్పుడూ వెనక్కి జరిపి ఇంకోసారి వింటాను. మీ నానమ్మకు విసుగు.

చివర్లో నాలుగు చేతులూ ఒకరినొకరు తరుముకుంటూ పెద్ద గొడవ చేస్తాయి. మంచి ఊపులో ఉండగా ఠక్కున ఆగిపోతాయి. వీడియో ఆగిందేమోనని ఫోను తట్టకండి, అది షూబర్ట్ రాసిన నిశ్శబ్దమే. దాని తర్వాత మొదటి పాట తిరిగి వస్తుంది. అక్కడ ఎవరి చేతులు ముందు కదిలాయో చూసి నాకు రాయండి. చిన్నదాన్నే ముందు చెప్పనివ్వండి.

మీ
తాతయ్య