నల్లగుడ్డు అంచున నారుమడి

నెల్లూరు జిల్లా ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో సున్నం చల్లడం మామూలు పని. గాలి ఎదురు తిరిగిందంటే ఆ పొడి కళ్లలో పడుతుంది. తాంబూలంలోకి వాడే సున్నం ప్యాకెట్‌తో పిల్లలు ఆడుకుంటుంటే, అది పగిలి కళ్లలోకి చిమ్మిన కేసులు కంటి డాక్టర్లకు కొత్త కాదు. సున్నం క్షారం కాబట్టి లోపలి దాకా కాల్చుకుంటూ పోతుంది. మంట చల్లారినా కొందరికి చూపు తిరిగి రాదు. నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్ముకొస్తుంది. ఎందుకలా జరుగుతుందో ఒక చిన్న సైన్స్ ప్రదర్శన పెట్టి చెప్పగలిగితే, మూలకణాలంటే (స్టెమ్ సెల్స్) ఏమిటో మన జిల్లాలో ఎవరికైనా అర్థమవుతుందని నా నమ్మకం.

నల్లగుడ్డు ముందు గాజులా ఉండే భాగం కార్నియా. దాని పైపొర కణాలు ఎప్పటికప్పుడు రాలిపోయి, వారం పది రోజుల్లో కొత్తవి వస్తాయి. అవి పుట్టేది నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నటి అంచులో. అక్కడున్న మూలకణాలు విభజన చెందినప్పుడు కొన్ని మూలకణాలుగానే మిగులుతాయి, కొన్ని కార్నియా కణాలుగా మారి నల్లగుడ్డు మీదికి కదులుతాయి. వరి పొలానికి నారుమడి ఎలాగో కార్నియాకు ఆ అంచు అలాగ. సున్నం నారుమడినే కాల్చేస్తే, తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా ఖాళీలోకి పాకుతుంది. అలాంటి కంటికి దానం చేసిన కార్నియా ఒక్కటే అతికిస్తే ఎక్కువ కాలం నిలవదు.

దీనికి ఒక సులువు దారి హైదరాబాద్‌లోనే దొరికింది. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో మొదట ఆ అంచు కణాలను ల్యాబ్‌లో పెంచి అతికించేవారు. 2012లో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం ఇంకా సులువైన పద్ధతిని ప్రచురించింది. బాగున్న రెండో కంటి అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, కాలిన కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొరపై అక్కడక్కడా అంటిస్తారు. కణాలు ఆ కంటి మీదే పెరుగుతాయి కాబట్టి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. రెండు కళ్లూ కాలిన వాళ్లకు మాత్రం సొంత కంటి ముక్కతో చేసే ఈ దారి లేదు. ఆ మాట కూడా ప్రదర్శనలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియంలో ఎలుక మూలకణాల నుంచి పెంచిన గుండె కణాలు మైక్రోస్కోప్ కింద కొట్టుకోవడం జనం కళ్లారా చూశారు. అంత పరికరం మన దగ్గర లేకపోవచ్చు. ఒక పెద్ద కంటి బొమ్మ, దాని అంచున ఊడదీసి అతికించగల ముక్కలు, వివరించడానికి ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు ఉంటే చాలు. దాన్ని ఒంగోలులో సైన్స్ ఫెయిర్‌కి తీసుకెళ్లొచ్చు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకు వచ్చేవారిలో ఆరోగ్యం కోరుకుంటూ వచ్చేవాళ్లు ఎందరో. ఆ దారిలో ఒక బల్ల వేసినా మ్యూజియం పని జరిగినట్టే. పక్కనే ఒక కుళాయి పెట్టి, కంట్లో సున్నం పడితే రెప్పలు విప్పి, కనీసం పావుగంట ధారగా నీళ్లు పోస్తూ కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలని చేసి చూపించాలి.

మూలకణం అనగానే పిండమే గుర్తొచ్చేవాళ్లకు ఇంకో బోర్డు కావాలి. మనిషి పిండం నుంచి మూలకణాలను వేరుచేసి పెంచింది 1998లో. 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక ఎలుక చర్మ కణాల్లోకి నాలుగు జన్యువులు పంపి వాటిని పిండ మూలకణాల్లాంటి స్థితికి తెచ్చారు. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది. పెద్దవాళ్ల ఎముక మజ్జలోనూ మూలకణాలున్నాయి. లుకేమియా, తలసేమియా లాంటి రక్త జబ్బుల రోగులకు చేసే మజ్జ మార్పిడి వాటితోనే.

చివరి బోర్డు నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆటిజం ఉన్న బిడ్డకో, పక్షవాతం వచ్చిన తండ్రికో స్టెమ్ సెల్ ఇంజెక్షన్ అంటే పొలం అమ్మడానికైనా సిద్ధపడతారు. ఆ ప్రేమను తప్పు పట్టలేం. అయితే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బుల్లాంటి వాటికి చేసే మజ్జ మార్పిడి సంగతి వేరు, ఇలాంటి మూలకణ ఇంజెక్షన్లు మాత్రం ఇంకా పరిశోధన దశలోనివే. వాటిని నమోదైన, మనుషులపై చేసే ప్రయోగ పరీక్షల్లో, అంటే క్లినికల్ ట్రయల్‌లోనే ఇవ్వాలి, అందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. "ఇది ట్రయలా? నమోదు నంబర్ ఎంత? డబ్బెందుకు కట్టాలి?" అని డాక్టర్‌ని అడగడం ఎలాగో ఆ పిల్లలే వచ్చినవాళ్ల చేత ఒకసారి పలికించాలి.