పిల్లలతో 'ఆలివర్!' వేయిస్తున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇంగ్లాండ్‌లో ఒక యూత్ థియేటర్‌లో పిల్లలతో నాటకాలు వేయిస్తుంటాను. డికెన్స్ నవల 'ఆలివర్ ట్విస్ట్' ఆధారంగా లయొనెల్ బార్ట్ రాసిన 'ఆలివర్!' మ్యూజికల్ 1960లో లండన్‌లో మొదలైంది. దీని గురించి తల్లిదండ్రుల దగ్గరా, కొత్త డైరెక్టర్ల దగ్గరా తరచూ వినే మాటలివి.

అపోహ: హుషారు పాటల నాటకం, పిల్లలు నవ్వుతూ పాడితే చాలు.

వాస్తవం: మొదటి పాటలో వర్క్‌హౌస్ (దిక్కులేని పేదల్ని ఉంచి పనిచేయించుకునే చోటు) పిల్లలు పాడేది తమకు దొరకని తిండి గురించి. 1834 నాటి పేదల చట్టం వెనక ఉన్న సూత్రం ఏమిటంటే, వర్క్‌హౌస్‌లో బతుకు బయట అతి తక్కువ కూలికి పనిచేసేవాడి బతుకు కన్నా హీనంగా ఉండాలి. అక్కడ పిల్లలకు పెట్టే పల్చటి జావ ఎవరో ఒక వార్డెన్ దుర్మార్గం కాదు, సర్కారు వేసిన లెక్క. ఇది పిల్లలకు విడమరిచి చెప్పాలి, వాళ్లకు బాగా అర్థమవుతుంది. నవలలో ఆ జావ గిన్నెలు కడగాల్సిన పనే ఉండదు. పిల్లలే చెంచాలతో గీకి గీకి మెరిపించేస్తారు. రిహార్సల్‌లో నేను ముందు అదే చేయిస్తాను. పాట ఉండదు, డైలాగ్ ఉండదు, ఖాళీ గిన్నె, చెంచా అంతే. కాసేపు కిలకిలలు. ఆ తర్వాత ఎవరో గిన్నెకు మోచెయ్యి అడ్డం పెట్టుకుంటారు, ఇంకొకరి చూపు పక్కవాడి గిన్నె మీదికి పోతుంది. అప్పుడు పియానో మొదలుపెట్టమంటాను.

అపోహ: మొహానికి మసి, ఒంటికి చిరుగుల చొక్కా ఉంటే పేదరికం కనిపిస్తుంది.

వాస్తవం: వర్క్‌హౌస్‌లో యూనిఫాం ఇచ్చేవారు. అందరూ ఒకేలా కనిపించడంలోనే భయం ఉంది. బక్కపల్చటి పిల్లల్ని ఏరి తీసుకోవడం నాకు అస్సలు నచ్చదు. ఇంకో మాట, దయచేసి "నువ్వెప్పుడైనా పస్తున్నావా?" అని అందరి ముందూ అడగకండి. స్కూల్లో ఉచిత భోజనం తినే పిల్లలు మీ బృందంలోనే ఉండొచ్చు.

అపోహ: వర్క్‌హౌస్‌లోని అనాథ ఆలివర్‌ది ధైర్యం, అందుకే జావ ఇంకొంచెం పెట్టమంటాడు.

వాస్తవం: నవలలో పిల్లలు చీట్లు వేసుకుంటే అది వాడి వంతుకు వస్తుంది. ఆకలి తట్టుకోలేక అడుగుతాడు, అడిగాక తనే బెదురుతాడు. కాబట్టి ఆ సీన్ వెనక నిలబడ్డ పిల్లలది కూడా. వాళ్లను ఊరికే నిలబెట్టకండి.

అపోహ: పిల్లలతో జేబులు కొట్టించే యూదు ముసలి ఫాగిన్‌కు వంకర ముక్కు, వింత యాస ఉండాల్సిందే.

వాస్తవం: అది యూదుల్ని కించపరచడమే. ఒక యూదు మహిళ ఉత్తరం రాసి బాధపడ్డాక డికెన్సే తర్వాతి ముద్రణలో 'యూదుడు' అనే ప్రస్తావనలు చాలా తీసేశారు. బార్ట్ స్వయంగా యూదుడు, ఆయన ఫాగిన్‌లో సరదా ఉంది, పిల్లల్ని వాడుకునే స్వార్థమూ ఉంది. ఆ రెండూ చాలు.

అపోహ: పిల్లల షోనే కదా, పర్మిషన్లు ఎవరడుగుతారు?

వాస్తవం: అడుగుతారు. స్కూలు సొంతంగా వేసుకునే షోకు మినహాయింపు ఉంది. బయటి బృందం టికెట్ పెట్టి వేస్తే సాధారణంగా కౌన్సిల్ లైసెన్సో, మినహాయింపో తీసుకోవాలి. ఒక్కో చాపరోన్ (షో సమయంలో పిల్లల బాగోగులు చూసే పెద్దవాళ్లు) 12 మంది పిల్లలకు మించి చూసుకోకూడదు. ఈ నాటకంలో పిల్లలు ఎక్కువ కాబట్టి చాపరోన్లను ముందే మాట్లాడి పెట్టుకోండి.