రాజు కనబడని నగరంలో ఇటుకలు, మురుగు కాలువలు

మొహెంజొదారోలో రాజు ఉన్నాడో లేడో తెలియనప్పుడు, ఆ నగరాన్ని కట్టించింది ఎవరని ఒక పాఠకుడు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఈజిప్టు పిరమిడ్లను కట్టించిన ఫారోల పేర్లు మనకు తెలుసు. మెసొపొటేమియాలోని ఊర్ నగరంలో ఊర్-నమ్ము అనే రాజు తన పేరును ఇటుకల మీదే ముద్ర వేయించుకున్నాడు. సింధు లోయలో క్రీ.పూ. 2600 – 1900 మధ్య వర్ధిల్లిన నగరాల్లో మాత్రం, రాజభవనమని నిస్సందేహంగా చెప్పగల కట్టడం గాని, రాజుగారి సమాధి గాని, విజయస్తంభం గాని ఇంతవరకు బయటపడలేదు. అక్కడి లిపి ఎవరికీ కొరుకుడు పడలేదు. ‘పురోహిత రాజు’ అంటూ పాఠ్యపుస్తకాల్లో కనబడే విగ్రహం ఎత్తు 17.5 సెంటీమీటర్లు మాత్రమే. అతడు పురోహితుడనడానికి గాని, రాజనడానికి గాని మనం పెట్టుకున్న ఆ పేరు తప్ప వేరే ఆధారమేదీ లేదు.

కాబట్టి పాలన ఎలా ఉండేదో శాసనాల నుంచి గాక కట్టడాల నుంచే రాబట్టాలి. ముందుగా ఇటుకను చూద్దాం. ఇళ్లకు వాడిన ఇటుక సుమారు 7 సెంటీమీటర్ల మందం, 14 వెడల్పు, 28 పొడవు ఉంటుంది. ప్రాకారాల వంటి పెద్ద గోడలకు వాడినది 10, 20, 40. పరిమాణం మారినా నిష్పత్తి 1:2:4గానే ఉంది. ‘సింధు ప్రజలు ప్రామాణికమైన ఇటుకలు వాడారు’ అని బడిలో ఒక మార్కు జవాబుగా బట్టీ పట్టిస్తారే తప్ప, ఆ నిష్పత్తే ఎందుకని ఎవరూ అడగనివ్వరు. అసలు రుచి అంతా అక్కడే ఉంది.

రాజస్థాన్‌లోని మరో సింధు ఊరు కాలీబంగన్‌లో, నగర దశకు ముందు, అంటే క్రీ.పూ. 2600కు ముందు కట్టిన గోడల్లో ఇటుకలు 10, 20, 30 సెంటీమీటర్లు, అంటే 1:2:3. వాటితో దృఢమైన గోడ కట్టబోయామనుకోండి. ఒక వరుసలో ఇటుకలను గోడకు అడ్డంగా, తలలు బయటికి కనబడేలా పేరిస్తే గోడ మందం 30 వస్తుంది. పై వరుసలో వాటిని గోడ వెంబడి రెండేసి పక్కపక్కన పరిస్తే మందం 40 అవుతుంది. రెండు వరుసలకూ పొత్తు కుదరదు. ఇటుకలను నరుక్కుంటూ పోవాలి. అదే 1:2:4 అయితే అడ్డంగా పేర్చినా 28, రెండేసి పక్కపక్కన పరిచినా 28. ఒక వరుస అడ్డంగా, ఒక వరుస గోడ వెంబడి మార్చి మార్చి ఎంత ఎత్తైనా లేపవచ్చు. ఇక ఇటుకల మధ్య సందులు ఒకదాని మీద ఒకటి పడితే గోడ అక్కడ నిలువునా చీలుతుంది. గోడ వెంబడి పరిచిన వరుసలో సందులు 28 సెంటీమీటర్లకొకటి, అడ్డ వరుసలో 14కొకటి వస్తాయి. కాబట్టి మూలలో ఒక ఇటుకను వెడల్పున సగానికి చీల్చి ఆ 7 సెంటీమీటర్ల ముక్కను ఇరికిస్తే, పై సందు ఎప్పుడూ కింది సందు మీద పడదు. ఇటుకను పక్కకు తిప్పి నిలబెడితే దాని ఎత్తు 14, అంటే బల్లపరుపుగా వేసిన రెండు వరుసలకు సరిసమానం. మొహెంజొదారోలో ఇటుకలతో కట్టిన పెద్ద కొలను, మహాస్నానవాటిక అడుగుభాగాన్ని ఇలా నిలబెట్టిన ఇటుకలతోనే కూర్చి, నీరు ఇంకకుండా సందుల్లో జిప్సం పూత నింపారు, వెలుపల సహజమైన తారు పొర వేశారు. కాలీబంగన్‌లోనే నగర దశ వచ్చేసరికి ఇటుక 1:2:4కు మారిపోయింది.

అయితే దీన్ని చూపించి ‘చూశారా, బలమైన కేంద్ర ప్రభుత్వం!’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. పనికి సుఖమైన కొలత ఏ అధికారి ఆజ్ఞ లేకుండానే మేస్త్రీ నుంచి మేస్త్రీకి పాకగలదు. తూకం రాళ్ల సంగతి వేరు. సుమారు 0.86 గ్రాములు మొదటి ప్రమాణంగా 1, 2, 4, 8, 16, 32, 64 అంటూ రెట్టింపవుతూ పోయే చెర్ట్ రాతి ఘనాలు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఊళ్లలో కూడా సరిపోతున్నాయి. గోడ నిలబడటానికి 1:2:4 కావాలి గాని, వ్యాపారం నడవటానికి 0.86 గ్రాములే కావాలన్న నియమం ప్రకృతిలో లేదు. అది మనుషులు కూర్చుని ఒప్పుకోవలసిన సంఖ్య, తప్పినవాడిని ఎవరో ఒకరు పట్టుకోవలసిన సంఖ్య.

అంతకన్నా గట్టి సాక్ష్యం మురుగు కాలువ. నీరు పల్లానికి పారుతుంది కనుక, ఎగువ ఇంటి మురుగు దిగువ ఇంటి గుమ్మం ముందుగా పోక తప్పదు. మధ్యలో ఒక్క గృహస్థు తన గడపను ఎత్తు చేసుకోవడానికి కాలువను పూడ్చినా వీధంతా మునుగుతుంది. మొహెంజొదారోలో కాలువలతో సహా వీధులను ముందు వేసి, ఆ తరువాతే ఇళ్లు కట్టినట్లు కనబడుతోంది. ఇంటి స్నానపు అరుగు సాధారణంగా వీధి గోడను ఆనుకునే ఉంటుంది. ఆ గోడ ఏ దిక్కున ఉన్నదన్నది లెక్క కాదు, బయట కాలువ ఉన్నదా అన్నదే లెక్క. ఈ నగరాలను వాస్తుకు రుజువుగా చూపేవారు ఈ అరుగులను ఒకసారి పరిశీలిస్తే బాగుంటుంది. ఇంట్లోని నీరు గోడలోని తూము గుండా ముందు ఒక గుంటలోకో, అడుగున చిల్లి ఉన్న కుండలోకో పడుతుంది. అక్కడ వేగం తగ్గి, మడ్డి అడుగుకు దిగుతుంది. తేటనీరే వీధి కాలువలోకి పోతుంది. కాలువలు కలిసే చోట్ల, మలుపుల దగ్గర మళ్లీ ఇటుక గుంటలు ఉన్నాయి. పైన మూతలుగా వేసిన ఇటుకలను, రాతి పలకలను ఎత్తి శుభ్రం చేయవచ్చు.

శుభ్రం చేసేవారు కూడా. తవ్వకాల్లో కాలువల పక్కన చాలాచోట్ల ఇసుక కుప్పలు దొరికాయని మొహెంజొదారోను తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మెకే రాశాడు. పూడిక తీశారు, గట్టు మీద పోశారు, దాన్ని తరలించడం మాత్రం మరిచారు. మన ఊళ్లలో వర్షాకాలానికి ముందు జరిగేది ఇదే కదా! నాకు ఆ మహాస్నానవాటిక కన్నా ఈ ఇసుక కుప్ప ఎక్కువ చెబుతుంది. స్నానవాటికను ఒక ధనవంతుడు ఒక్కసారి కట్టించి ఊరుకోవచ్చు. పూడిక తీయడం మాత్రం ఏటేటా జరగాలి, ఆ పనికి మనుషుల్ని పెట్టాలి, వాళ్ల తిండికి ఎవరో ఇంతని ఇవ్వాలి. హరప్పాలో తూకం రాళ్లు నగర ద్వారాల సమీపంలో ఎక్కువగా కనిపించడం వల్ల, సరుకుల మీద సుంకం వసూలు చేసేవారని కొందరు పురావస్తు శాస్త్రవేత్తలు ఊహించారు. ఊహే అయినా, కూలి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు అది అతికినట్లు సరిపోతుంది.

కూలి తక్కువేమీ కాదు. రోజుకు ఒక మనిషి ఒక ఘనపు మీటరు మట్టి మోశాడనుకున్నా, మొహెంజొదారో పునాది దిబ్బలకే 40 లక్షల పనిదినాలు పట్టి ఉంటాయని లెక్క. అంటే పదివేలమంది విరామం లేకుండా 400 రోజులు పనిచేయాలి. వ్యవసాయపు పనులు లేని నెలల్లోనే చేశారనుకుంటే కొన్నేళ్ల ముచ్చట. ఇంత పనిని ఒకే రాజు చేయించాడా, పోటీపడే కొన్ని సంపన్న కుటుంబాలు కలిసి నడిపించాయా, పేటల వారీ పెద్దల సభలున్నాయా అన్నది ఇంకా వాదంలోనే ఉంది. నా మొగ్గు రెండో దాని వైపు. పెద్ద ఇళ్లు ఒకే చోట గుమిగూడకుండా పేటల్లో చెదిరి ఉండటం దానికి కారణం.

ఆ ఏర్పాటు సడలిపోవడం కూడా ఇటుకల్లోనే కనబడుతుంది. చివరి దశలో పెద్ద ఇళ్లను చిన్న గదులుగా విడగొట్టుకున్నారు, పాత గోడల ఇటుకలను పీకి కొత్త గోడలకు వాడారు, గోడలను వీధిలోకి జరిపారు, కుండలు కాల్చే కుమ్మరి ఆవాన్ని నడివీధిలోనే కట్టారు. అప్పటికి నగరంలో జనం లేకపోలేదు. పొయ్యిలు వెలుగుతున్నాయి, కుండలు కాలుతున్నాయి. వీధికి అడ్డంగా ఆవం కడుతున్న కుమ్మరిని వద్దనే వ్యవస్థ మాత్రం జనం కన్నా ముందే ఊరు విడిచింది.