ఆగి ఉన్న ఇంజన్ మీద నిఘా

"అణు విద్యుత్ కేంద్రంలో లెక్కలేనన్ని యంత్రాలుంటాయి, తనిఖీకి వచ్చే ప్రభుత్వ అధికారులు ఒకరో ఇద్దరో. కంపెనీ చూపించిన కాగితాల మీద సంతకం పెట్టడం తప్ప వాళ్ళు నిజంగా చేసేదేముంటుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కేంద్రమంతా తిప్పి చూపించే కంటే ఒక్క యంత్రాన్ని పట్టుకుని జవాబు చెబితే బాగా అర్థమవుతుంది. ఆ యంత్రం అత్యవసర డీజిల్ జనరేటర్.

ముందు నేపథ్యం, క్లుప్తంగా. రియాక్టర్‌ను ఆపేసినా ఇంధనంలో వేడి పుడుతూనే ఉంటుంది. 1000 మెగావాట్ల విద్యుత్తునిచ్చే రియాక్టర్‌లో పుట్టే వేడి దాదాపు 3000 మెగావాట్లు. ఆపిన క్షణంలో అందులో 6 నుంచి 7 శాతం మిగులుతుంది. గంట గడిచాక కూడా 1.5 శాతం, అంటే 45 మెగావాట్ల దాకా ఉంటుంది. దాన్ని బయటికి లాగాలంటే పంపులు తిరగాలి, పంపులకు కరెంటు కావాలి. గ్రిడ్ పోతే ఆ కరెంటు డీజిల్ జనరేటర్లే ఇవ్వాలి. 2011 మార్చి 11న ఫుకుషిమా దాయిచీలో సునామీ నీళ్ళు కింది అంతస్తుల్లోని జనరేటర్లను ముంచేశాయి. ఆరో యూనిట్‌కు చెందిన, కాస్త ఎత్తున పెట్టిన, గాలితో చల్లబడే జనరేటర్ ఒక్కటే పనిచేస్తూ మిగిలింది. 5, 6 యూనిట్లు గట్టెక్కింది దాని కరెంటుతోనే.

ఎప్పుడూ తిరుగుతుండే పంపు చెడిపోతే ఆ నిమిషమే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది. డీజిల్ జనరేటర్ సంగతి అలా కాదు. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ అది ఊరికే నిలబడి ఉంటుంది. ఇంజన్‌ను కదిలించే గాలిని వదిలే స్టార్టింగ్ ఎయిర్ వాల్వ్ బిగుసుకుపోయినా, డే ట్యాంకు, అంటే ఇంజన్ పక్కనే ఉండే చిన్న డీజిల్ ట్యాంకు, అడుగున నీళ్ళు చేరినా, రిలే కాంటాక్టు మీద పొర పట్టినా బయటికి ఏమీ తెలియదు. చెడిపోయిన రోజుకూ, చెడిపోయిందని మనకు తెలిసిన రోజుకూ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. నియంత్రణ సంస్థ పనిలో చాలా భాగం ఈ ఖాళీని కుదించడమే.

ఈ ఖాళీని లెక్కగట్టవచ్చు. ఉదాహరణకు ఒక ఇంజన్‌లో ఇలాంటి దాగుడు లోపం సగటున 100 నెలలకు ఒకసారి వస్తుందనుకుందాం. నెలకోసారి పరీక్షిస్తే, లోపం ఆ నెలలో ఏ రోజైనా వచ్చి ఉండవచ్చు కాబట్టి సగటున అర నెల దాగి ఉంటుంది. 100 నెలల్లో అర నెల అంటే, పిలిచినప్పుడు ఇంజన్ పలకకపోయే సంభావ్యత 200లో 1. అదే ఇంజన్‌ను ఏడాదికోసారి పరీక్షిస్తే లోపం సగటున ఆరు నెలలు దాగి ఉంటుంది, సంభావ్యత 100లో 6కు చేరుతుంది. ఇంజన్ మారలేదు, దాన్ని తయారుచేసినవాళ్ళూ మారలేదు. పరీక్షల మధ్య వ్యవధి ఒక్కటే మారింది, ప్రమాదం 12 రెట్లయింది.

ఇప్పుడు పక్కన రెండో ఇంజన్ పెడదాం. 200ని 200తో గుణించి, రెండూ ఒకేసారి మొరాయించే అవకాశం 40,000లో 1 అనేసి చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు అందం ఇక్కడే మొదలవుతుంది. రెండింటినీ ఒకే రోజు పరీక్షిస్తే, రెండింటి మీద మన నమ్మకం కలిసే సన్నగిల్లుతూ నెలాఖరుకి రెండూ ఒకేసారి అట్టడుగుకు చేరతాయి. ఆ హెచ్చుతగ్గులన్నీ కలిపి సగటు తీస్తే అవకాశం 30,000లో 1 అవుతుంది. ఒకదాన్ని ఒకటో తారీఖున, రెండోదాన్ని పదిహేనున పరీక్షిస్తే 48,000లో 1కి తగ్గుతుంది. అదనంగా ఒక్క పరికరం కొనలేదు, క్యాలెండర్‌లో ఒక గడి జరిపామంతే. మన తరగతి గదుల్లో సంభావ్యతను నాణేలతో, పాచికలతో నేర్పి వదిలేస్తారు. నాణేనికి వయసు లేదు, యంత్రానికి ఉంది. ఈ ఒక్క లెక్క పదో తరగతిలో చెబితే పిల్లలకు భద్రత అంటే ఏమిటో తెలుస్తుందని నా గట్టి నమ్మకం.

ఈ వ్యవధి కంపెనీ ఇష్టం కాదు. లైసెన్సులో భాగమైన టెక్నికల్ స్పెసిఫికేషన్లలో అది రాసి ఉంటుంది. భారత్‌లో వాటిని ఆమోదించేది అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, అమెరికాలో అక్కడి నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ. అంకెలు దేశాన్ని బట్టీ, రియాక్టర్‌ను బట్టీ మారతాయి. అమెరికా ప్రామాణిక పత్రంలో నెలవారీ పరీక్షకు వ్యవధి 31 రోజులు. వీలు చిక్కకపోతే 25 శాతం, అంటే మరో 7.75 రోజులు జరుపుకోవచ్చు. ఆ వెసులుబాటునే మామూలు పద్ధతిగా మార్చుకుంటే మాత్రం ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు.

పరీక్ష అంటే మీట నొక్కి శబ్దం వినడం కాదు. స్టార్ట్ సంకేతం అందాక, సాధారణంగా 10 సెకన్లలో, నిర్ణీత వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ అందుకోవాలి. తర్వాత పూర్తి లోడులో 90 నుంచి 100 శాతం మీద కనీసం 60 నిమిషాలు నడవాలి. కొన్ని లోపాలు ఇంజన్ వేడెక్కితే గాని బయటపడవు. రియాక్టర్ ఆపి ఇంధనం మార్చే విరామాల్లో, అంటే 18 లేదా 24 నెలలకోసారి, 24 గంటలు ఏకబిగిన నడపాలి. గ్రిడ్ పోయినట్టు సంకేతమిచ్చి పెద్ద పంపులను కొన్ని సెకన్ల తేడాతో ఒక్కొక్కటిగా జనరేటర్ మీదికి ఎక్కించాలి. పెద్ద మోటారు ఎక్కిన ప్రతిసారీ ఇంజన్ ఒక్క క్షణం కుంగుతుంది. ఆ కుంగుబాటులో ఫ్రీక్వెన్సీ 95 శాతం కన్నా, వోల్టేజీ 75 శాతం కన్నా దిగకూడదు. డే ట్యాంకులో నీళ్ళు చేరాయేమో 31 రోజులకోసారి చూసి తీసెయ్యాలి. ఏడు రోజులకు సరిపడా డీజిల్ ఆవరణలోనే ఉండాలి.

"నడిచే యంత్రాన్ని కదిలించకూడదు" అన్నది ఒక మూఢనమ్మకమైతే, "ఎన్నిసార్లు పరీక్షిస్తే అంత మంచిది" అన్నది రెండోది. నియంత్రణ సంస్థలు కూడా కొంతకాలం ఈ రెండోదాన్ని నమ్మాయి. చల్లగా ఉన్న ఇంజన్‌ను పది సెకన్లలో పూర్తి వేగానికి లాగితే బేరింగులకు నూనె పూర్తిగా అందకముందే లోహం లోహాన్ని రాస్తుంది. పరీక్షలే ఇంజన్లను అరగదీస్తున్నాయని గ్రహించి ఎన్‌ఆర్‌సీ 1984లో ఇలాంటి చల్లని స్టార్టులను తగ్గించమని కేంద్రాలకు లేఖ రాసింది. ఇప్పుడు నెలవారీ పరీక్షలో ముందుగా నూనె ప్రసరింపజేసి, నెమ్మదిగా వేగం పెంచి నడపవచ్చు. పది సెకన్ల స్టార్టు 184 రోజులకోసారి చాలు.

ఇక ఆ ఒకరో ఇద్దరో అధికారుల సంగతి. అమెరికాలో ప్రతి కేంద్రంలోనూ ఎన్‌ఆర్‌సీ రెసిడెంట్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. రోజూ అక్కడే పని. తెలివైన ఇన్‌స్పెక్టర్ డీజిల్ గదికి స్టార్ట్ చేసే వేళకు కాకుండా అంతకు చాలా ముందే చేరుకుంటాడు. పరీక్షకు ముందు ఎవరైనా వాల్వుకు గ్రీజు రాశారా, ఫిల్టర్ మార్చారా, ఎయిర్ ట్యాంకులో చేరిన నీటిని వదిలారా అన్నది చూడాలి. అవన్నీ మంచి పనులే. కానీ పరీక్షకు ముందు చేస్తే, నెల రోజులుగా ఇంజన్ ఎలా ఉందో చెప్పే సాక్ష్యం చెరిగిపోతుంది. దీన్ని ప్రీకండిషనింగ్ అంటారు. బిగుసుకున్న వాల్వు గ్రీజుతో కదిలితే పరీక్ష పాస్ అవుతుంది, ఆ నెలంతా అది బిగుసుకునే ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అలాగే స్టార్ట్ సమయాలు 8.1, 8.7, 9.5 సెకన్లుగా జరుగుతుంటే మూడూ పాస్ అయినట్టే, అయినా మరమ్మతుకు వర్క్ ఆర్డర్ పడిందా అని అడుగుతాడు. కాగితాల మీద సంతకమని పాఠకుడు అన్నారే, ఆ కాగితాల్లో చదవాల్సింది ఈ మూడు అంకెల వరసనే.

పరీక్షలో ఇంజన్ తప్పితే, అదే అమెరికా పత్రం ప్రకారం, గడియారం మొదలవుతుంది. గ్రిడ్ లైన్లు సరిగ్గా ఉన్నాయని గంటలోపు, ఆ తర్వాత ప్రతి 8 గంటలకూ సరిచూడాలి. 24 గంటల్లో, ఇదే జబ్బు రెండో ఇంజన్‌కూ ఉందో లేదో తేల్చాలి. 72 గంటల్లో బాగుచెయ్యాలి. కాకపోతే తర్వాతి 6 గంటల్లో రియాక్టర్ ఆగాలి, 36 గంటల్లో పూర్తిగా చల్లారాలి. రెండు ఇంజన్లూ పోతే, ఒకదాన్ని బాగుచేయడానికి రెండు గంటలే గడువు. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, ఎవరితోనూ వాదించే పని లేదు. రియాక్టర్ ఆగితే పోయే ఆదాయం ఎంత పెద్దదైనా, ఆ ఒత్తిడి అర్ధరాత్రి షిఫ్టులో ఉన్న ఇంజినీరు మీద పడకుండా నిర్ణయం ఏళ్ళ ముందే రాసిపెట్టి ఉంది. ఈ వ్యవస్థ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

పైన చెప్పిన 24 గంటల ప్రశ్న చాలా ముఖ్యం. పైన వేసిన రెండు ఇంజన్ల లెక్కలన్నీ వాటి లోపాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదన్న ఊహ మీదే నిలబడ్డాయి. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ అంటుకుని, మంటలు కేబుళ్ళకు పాకాయి. ఒకదానికొకటి ప్రత్యామ్నాయమనుకున్న వ్యవస్థల కేబుళ్ళు ఒకే దారిలో ఉండటంతో అన్నీ కలిసి కాలిపోయాయి. 17 గంటలు కేంద్రంలో కరెంటు లేదు. డీజిల్‌తో నడిచే ఫైర్ పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్ళు పెట్టి గట్టెక్కారు. 2006 జూలై 25న స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ కేంద్రంలో, దాన్ని గ్రిడ్‌తో కలిపే స్విచ్‌యార్డులో షార్ట్ సర్క్యూట్ వల్ల వోల్టేజీ పడిలేచింది. నాలుగు యూపీఎస్‌లలో రెండు ఆగిపోయాయి. నాలుగు డీజిళ్ళూ స్టార్టయ్యాయి, కానీ రెండింటి వేగాన్ని కొలిచే సర్క్యూట్లకు కరెంటు ఆ ఆగిన యూపీఎస్‌ల నుంచే రావాలి. వేగం ఎంతో తెలియక, జనరేటర్‌ను కేంద్రం లైన్లకు కలిపే బ్రేకర్లు మూసుకోలేదు. ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి, కరెంటు మాత్రం రాలేదు. ఆపరేటర్లు దాదాపు 22 నిమిషాల తర్వాత చేత్తో కలిపారు. మామూలు పరీక్షల్లో అలాంటి వోల్టేజీ కుదుపు ఉండదు కాబట్టి ఆ లోపం వాటికి దొరికే అవకాశమే లేదు.

రక్షణ పరికరాల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మామూలు ఇంజన్ బాగా వేడెక్కితే తనను తాను ఆపుకుంటుంది. అత్యవసర సంకేతంతో స్టార్టయినప్పుడు మాత్రం మితిమీరిన వేగం, జనరేటర్ లోపలి షార్ట్ సర్క్యూట్ లాంటివి తప్ప మిగతా రక్షణలను తప్పించేస్తారు. ఇంజన్ పాడైనా ఫర్వాలేదు, పంపు తిరగాలి. 1990 మార్చి 20న అమెరికాలోని వోగ్టిల్ కేంద్రంలో స్విచ్‌యార్డులో ట్రక్కు ఒక స్తంభాన్ని గుద్ది కరెంటు పోయింది. ఒక డీజిల్ సర్వీసింగ్‌లో ఉంది. రెండోది స్టార్టయి, నీటి ఉష్ణోగ్రత సెన్సార్లు తప్పు చెప్పడంతో ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ ఆగింది. వోల్టేజీ పోవడం వల్ల వచ్చిన స్టార్టులో ఆ రక్షణలు పనిచేస్తూనే ఉండటం ఇందుకు కారణం. 36 నిమిషాల తర్వాత అత్యవసర స్టార్టు ఇచ్చాకే అది నిలబడింది. అప్పటికి రియాక్టర్ నీరు 32 డిగ్రీల నుంచి 58 డిగ్రీలకు చేరింది.

దొరికిన తప్పుకు ఎన్‌ఆర్‌సీ రంగు వేస్తుంది. దానివల్ల ఇంధనం ఉండే రియాక్టర్ కోర్ దెబ్బతినే అవకాశం ఏడాదికి పది లక్షల్లో 1 కన్నా తక్కువ పెరిగితే ఆకుపచ్చ, ఆపైన తెలుపు, పసుపు, 10,000లో 1 దాటితే ఎరుపు. రంగు ముదిరేకొద్దీ అదనపు తనిఖీలు పెరుగుతాయి. ఇవన్నీ నిలబడాలంటే తనిఖీ చేసేవాళ్ళు విద్యుత్తును ప్రోత్సహించేవాళ్ళ చేతికింద ఉండకూడదు. అమెరికా 1975లో ఈ రెంటినీ విడదీసింది, జపాన్ ఫుకుషిమా తర్వాత 2012లో.

ఇటీవలి దశాబ్దాల్లో ఆ 72 గంటలను 14 రోజులకు పెంచమని చాలా కేంద్రాలు అడిగాయి. వినగానే భద్రతను సడలిస్తున్నట్టే ఉంటుంది. కానీ పెద్ద ఇంజన్‌ను పూర్తిగా విప్పి బిగించే పని మూడు రోజుల్లో ముగించాలంటే హడావిడి తప్పదు. హడావిడిలో బిగించిన బోల్టు మరో దాగుడు లోపం. అందుకే ఎన్‌ఆర్‌సీ ఒక షరతు మీద ఒప్పుకుంటోంది: ఇంజన్ విప్పి ఉన్నంతకాలం దాని భారం మోయగల అదనపు జనరేటరో మరో విద్యుత్ వనరో సిద్ధంగా ఉండాలి, అది పనిచేస్తుందని ముందే రుజువు చెయ్యాలి.