మీ క్లోవర్ బ్యాడ్జి వెనకున్న టీచరమ్మ

చిట్టికీ, కన్నయ్యకీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీ 4-హెచ్ పిల్లల క్లబ్బు బ్యాడ్జి మీద క్లోవర్ అనే గడ్డి మొక్క బొమ్మకి నాలుగు ఆకులే ఎందుకున్నాయని చిట్టి ఫోన్లో అడిగింది. మీటింగులో మీరు చేసే ప్రమాణంలో హెడ్, హార్ట్, హ్యాండ్స్, హెల్త్ అంటారే, ఆకుకొకటి చొప్పున అవే. అయితే మొదట్లో ఉన్నవి మూడు ఆకులే. ఆ మూడాకుల పిన్ను తయారుచేసినావిడ మీ అయోవా ఆడపడుచే. పేరు జెస్సీ ఫీల్డ్. పెళ్లయ్యాక జెస్సీ ఫీల్డ్ షాంబా. ఆవిడ సంగతి ఫోన్లో చెప్పడం మొదలుపెడితే కన్నయ్య సగంలో ఆటకి పారిపోతాడు. అందుకే ఉత్తరం. తెలుగు అడ్డంపడ్డ చోట అమ్మ చేత చదివించుకోండి.

అయోవాలో 99 కౌంటీలున్నాయి. వాటిలో నైరుతి వైపు, మిస్సోరి సరిహద్దుని ఆనుకుని ఉన్నది పేజ్ కౌంటీ. అక్కడ షెనెండోవా అనే ఊరి దగ్గర పొలంలో 1881లో పుట్టింది జెస్సీ. ఆ ఇంటిల్లిపాదికీ విత్తనాలన్నా పిచ్చే, కబుర్లన్నా పిచ్చే. అన్న హెన్రీ ఫీల్డ్ విత్తనాల కంపెనీ పెట్టాడు. అది చాలక 1924లో ఊళ్లో ఒక రేడియో స్టేషన్ కూడా పెట్టాడు. చెల్లెలు లియానా 1926 నుంచి రేడియోలో పల్లెటూరి ఇల్లాళ్లతో వంటింటి కబుర్లు చెప్పి ఇంటింటికీ చుట్టమైపోయింది. ఆవిడ గురించి ఇంకో ఉత్తరం రాయొచ్చు.

జెస్సీ చిన్నపిల్లగా ఉన్నప్పుడే వాళ్ల నాన్న ఆమెని రైతుల సభలకి వెంటబెట్టుకు వెళ్లేవాడు. పెద్ద పెద్ద మీసాల వాళ్ల మధ్య కూర్చుని ఆ పిల్ల హెన్రీ వాలెస్ అనే ఆయన ఉపన్యాసాలు వినేది. అందరూ ఆయన్ని 'అంకుల్ హెన్రీ' అనేవారు. మన వైపు రైతులు పయనీర్ మొక్కజొన్న విత్తనాలు అంటుంటారు, తాతయ్యని అడగండి. ఆ కంపెనీని 1926లో మీ అయోవాలోనే మొదలుపెట్టింది ఈ అంకుల్ హెన్రీ మనవడే. ఆ మనవడు తర్వాత అమెరికాకి ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు.

సరే, 1901కి వద్దాం. జెస్సీకి ఇరవయ్యేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. గోల్డెన్‌రాడ్ అనే పల్లెటూరి బడిలో టీచరుగా చేరింది. ఒకే గది, ఒకే టీచరు. అక్షరాలు దిద్దే వాళ్ల దగ్గర్నుంచి మీసాలు మొలుస్తున్న వాళ్ల దాకా అందరూ అక్కడే. బడి అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి ఆవిడ రెండు క్లబ్బులు పెట్టింది. మగపిల్లలకి మొక్కజొన్న క్లబ్బు, ఆడపిల్లలకి ఇంటి పనుల క్లబ్బు. తనేమో నాన్న వెంట రైతు సభలకి వెళ్లిన పిల్ల, తీరా టీచరయ్యాక ఆడపిల్లల్ని రొట్టెలు చేయడానికీ, కుట్టుపనికీ కూర్చోబెట్టింది. ఆ రోజులు అలాంటివే అని సర్దిచెప్పుకున్నా నాకు కొంచెం గుచ్చుకుంది. ఇప్పుడు చిట్టి కోళ్లు పెంచుతుంటే కన్నయ్య కేకులు చేస్తున్నాడు, ఆ లెక్క కొంత సరిపోయిందిలే.

ఇక మొక్కజొన్న క్లబ్బులో ఏం చేసేవారో చెబుతాను. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అప్పట్లో హైబ్రిడ్ విత్తనాలు లేవు. రైతు తన చేలో మంచి కంకులు ఏరి, దాచి, మళ్లీ ఏడు వాటి గింజలే నాటేవాడు. కంకి పొడుగ్గా, గింజ నిండుగా ఉంటే చాలనుకునేవాడు. కానీ కంకి బాగా ఆరకముందే మీ ఊరి చలి దాన్ని గడ్డకట్టిస్తే లోపలున్న మొలక చచ్చిపోతుంది. పైకి మాత్రం గింజ బంగారంలా మెరుస్తూనే ఉంటుంది. ఒక్కో కంకికి ఎనిమిది వందల గింజల దాకా ఉంటాయి కదా, చచ్చిన కంకి ఒక్కటి విత్తనంలో కలిసినా చేలో అన్ని వందల చోట్ల మొక్క లేచిరాదు. నష్టం సంగతి నాటేశాక గానీ తెలియదు. అప్పుడు వానని తిట్టుకుంటారు, నేలని తిట్టుకుంటారు.

దీనికి మందు చాలా తేలిక. కంకులన్నిటికీ నంబర్లు వేయాలి. ఒక్కోదానిలో పైనుంచి, మధ్యలోంచి, కిందనుంచి మొత్తం ఆరు గింజలు తీయాలి. గుడ్డ మీద గళ్లు గీసి, నంబరు ప్రకారం పేర్చి, తడిపి చుట్టి, వెచ్చగా ఒక మూల పెట్టాలి. వారం తర్వాత విప్పి చూడాలి. ఏ గడిలో మొలకలు రాలేదో ఆ నంబరు కంకి పందులకి పోతుంది. అంతే!

ఈ సంగతి యూనివర్సిటీ వాళ్లకి అప్పటికే తెలుసు. పెర్రీ హోల్డెన్ అనే ప్రొఫెసరు 1904 నుంచి ఏకంగా రైల్లో ఊరూరూ తిరిగాడు. స్టేషన్లో బండి ఆపి, రైతుల్ని పెట్టెలోకి ఎక్కించి విత్తనాల మీద పాఠం చెప్పేవాడు. విన్నవాళ్లు విన్నారు. చాలామంది మాత్రం "పుస్తకాల సేద్యం మాకెందుకు" అని కొట్టిపారేశారు. నలభై ఏళ్లు నాగలి పట్టినవాడికి ఎవరో కోటు వేసుకొచ్చి చెబితే ఎక్కుతుందా? అదే సొంత కొడుకు వంటింటి పొయ్యి పక్కన గుడ్డ విప్పి, "నాన్నా, ఏడో నంబరు చూడు, ఒక్కటి కూడా మొలవలేదు" అంటే తోసిపుచ్చడం కష్టం. జెస్సీ పట్టుకున్న కీలకం అదీ. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకుండా పిల్లల చేతికి తడిగుడ్డ ఇచ్చింది.

1906లో ఆవిడ పేజ్ కౌంటీ బడులన్నిటికీ సూపరింటెండెంట్ అయింది. అంటే మన మండల విద్యాధికారి లాంటి ఉద్యోగం అనుకోండి. కాకపోతే అక్కడ అది ఎన్నికల్లో గెలిస్తే వచ్చే పదవి. ఇక్కడ ఒక తమాషా ఉంది. అయోవాలో ఆడవాళ్లు అలాంటి బడి పదవులకి నిలబడొచ్చని 1876లోనే చట్టం చేశారు. ఓటు మాత్రం ఇవ్వలేదు! జెస్సీ పోటీ చేసింది, గెలిచింది, తన ఓటు తను వేసుకునే హక్కు మాత్రం లేదు. అమెరికా ఆడవాళ్లందరికీ ఓటుహక్కు రాజ్యాంగంలోకి ఎక్కేసరికి 1920 వచ్చింది.

ఆవిడ కింద 130 పల్లెటూరి బడులుండేవి. గుర్రపు బగ్గీలో తిరుగుతూ అన్నిట్లోనూ క్లబ్బులు పెట్టించింది. లెక్కల పుస్తకం కూడా మార్చిపారేసింది. పిల్లలకి పొలం లెక్కలే ఇవ్వాలని పట్టుబట్టి తనే ఒక లెక్కల పుస్తకం తయారుచేసింది. పాలలో వెన్న ఎంతో తేల్చే బాబ్‌కాక్ పరీక్ష అని ఒకటుంది, 1890లో విస్కాన్సిన్‌లో కనిపెట్టారు. దాన్ని బడిలోనే పిల్లల చేత చేయించేవారు. ఏ ఆవు మేత దండగో ఏ ఆవు నిజంగా ఇల్లు నడుపుతోందో పదేళ్ల పిల్లకి తెలిసిపోయేది. నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. నీళ్ల తొట్టి ఎన్ని గంటల్లో నిండుతుంది, ఎన్ని గంటల్లో ఖాళీ అవుతుంది అని పిల్లల ప్రాణం తీసే బదులు ఇలాంటివి ఇచ్చి ఉంటే క్లాసులో నిద్రపోయేవాళ్లు తగ్గేవారేమో.

మూడాకుల పిన్ను వచ్చింది 1910లో. ఆకుకో హెచ్: హెడ్, హార్ట్, హ్యాండ్స్. మధ్యలో మొక్కజొన్న గింజ, దాని మీద 'పేజ్' అని కౌంటీ పేరు. తర్వాత నాలుగో ఆకు చేర్చినప్పుడు దానికి మొదట 'హజిల్' అనుకున్నారట, అంటే చురుగ్గా పరుగులు పెట్టడం. చివరికి హెల్త్ ఖాయమైంది. నాకైతే హజిల్ పోవడమే మంచిదైంది, ఇప్పుడు మీకున్న పరుగులు చాలు.

ఒక సంగతి. కన్నయ్య స్కూల్లో ఎవరితోనో "4-హెచ్ మా అయోవాలోనే పుట్టింది" అని పందెం కాసేలా ఉన్నాడు. ఆగు నాన్నా. ఒహాయోలో గ్రాహం అనే ఆయన 1902 జనవరిలో పిల్లల క్లబ్బు పెట్టాడు, చాలామంది దాన్నే మొదటిదంటారు. ఇల్లినాయిలో ఓట్‌వెల్ అనే ఆయన అంతకన్నా ముందే పిల్లలకి మొక్కజొన్న పోటీలు పెట్టాడు. ఒకే అవసరం నాలుగు చోట్ల ఉన్నప్పుడు ఒకే ఆలోచన నాలుగు బుర్రల్లో పుడుతుంది. జెస్సీని '4-హెచ్ తల్లి' అంటారు, అంతవరకు గట్టిగా చెప్పుకోవచ్చు. 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చాక ప్రభుత్వం, వ్యవసాయ యూనివర్సిటీలు కలిసి ఈ పని అందుకున్నాయి. ఇప్పుడు దేశంలో అరవై లక్షల మంది దాకా పిల్లలు అందులో ఉన్నారు.

అప్పటికే జెస్సీ పేజ్ కౌంటీలో లేదు. 1912లో న్యూయార్క్ వెళ్లి, వై.డబ్ల్యు.సి.ఎ. అనే క్రైస్తవ మహిళా సంఘం తరఫున పల్లెటూళ్ల ఆడపిల్లల కోసం పనిచేసింది. అక్కడ చేసిన వాటిలో ఎనిమిది వారాల క్లబ్బులు నాకు బాగా నచ్చాయి. కాలేజీలో చదివే అమ్మాయి వేసవి సెలవులకి సొంత ఊరు వెళ్లినప్పుడు, ఆ ఎనిమిది వారాలూ ఊళ్లో ఆడపిల్లల్ని పోగేసి క్లబ్బు నడపాలి. చదువుకున్న వాళ్లు ఊరిని మర్చిపోకుండా భలే ఏర్పాటు!

1917లో క్లారిండాలో పిండిమర నడిపే ఆయన్ని పెళ్లి చేసుకుని తిరిగి పేజ్ కౌంటీకే వచ్చేసింది. న్యూయార్క్‌లో పెద్ద ఉద్యోగం, దేశమంతా పేరు, అవన్నీ వదిలి చిన్న ఊరికి! త్యాగం అని కొందరంటారు, నాకలా అనిపించదు. పల్లెటూళ్లు బాగుండాలని పదహారేళ్లు ఊరూరా చెప్పిన మనిషి వచ్చి ఆ పల్లెల మధ్యే కాపురం పెట్టింది, అందులో వింతేముంది? 1971లో ఎనభై తొమ్మిదేళ్ల వయసులో పోయేదాకా అక్కడే ఉంది. ఆ మధ్యలో హైబ్రిడ్ విత్తనాలు వచ్చి తడిగుడ్డ పరీక్ష అవసరమే లేకుండా పోయింది. ఒక గది బడులూ మూతపడ్డాయి. అదంతా ఆవిడ కళ్లముందే జరిగింది.

గోల్డెన్‌రాడ్ బడిని మాత్రం క్లారిండాలో మ్యూజియం దగ్గర భద్రంగా ఉంచారు. మీ ఇంటి నుంచి కార్లో రెండు గంటల పైన పడుతుందట. నాన్నని అడిగి ఒక శనివారం వెళ్లిరండి.

వెళ్లేలోపు ఒక పని చేయండి. పోయినేడు మీ పెరట్లో బీర పాదు రాలేదని నాన్న మట్టిని తిట్టాడు గుర్తుందా? ఆ గింజల పొట్లం గరాజ్‌లో ఎన్ని చలికాలాల నుంచి ఉందో ఆయన్నే అడగండి. ఆ పొట్లంలోంచి పది గింజలు తీసి, తడి పేపర్ టవల్లో చుట్టి, కవర్లో పెట్టి, వెచ్చటి చోట పది రోజులు ఉంచండి. చిట్టి లెక్కపెట్టి రాయాలి, కన్నయ్య ముందే విప్పి చూడకూడదు. ఎన్ని మొలిచాయో నాన్నకి చూపించి, ఆయన ఏమన్నాడో నాకు ఫోన్ చేసి చెప్పండి. సగం కూడా రాకపోతే కొత్తవి అక్కడే కొనుక్కోమనండి. విత్తనాలు పోస్టులో పంపనివ్వరు, ఈసారి నన్ను అడగొద్దని నా మాటగా చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ